ఏసీ తీసేశాక ఆగని ఫ్యాన్ హోరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరేసరికి రేడియేటర్ గురించి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. వాటిలో ఏసీ పీకించేసిన బండ్ల గురించి అడిగినవి కొన్ని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం. మొదటి జవాబు పొడుగైంది. మిగతా ప్రశ్నలకు కావలసిన విషయం చాలావరకు అందులోనే ఉంది కాబట్టి, మీది వేరే బండి అయినా ముందు అది చదవండి.

ప్రశ్న: మాది 1986 అంబాసిడర్, పెట్రోలు బండి. నాన్నగారి కాలం నుంచి ఇంట్లోనే ఉంది. మధ్యలో ఎప్పుడో బయట ఏసీ పెట్టించారు, అప్పుడే మెకానిక్ ఇంజన్ ఫ్యాన్ మార్చి ఆరు రెక్కల ఇనుప ఫ్యాన్ వేశాడు. ఏసీ పనిచేయడం మానేసి చాలాకాలమైంది. ఈ మధ్య కంప్రెసర్, డ్యాష్‌బోర్డు కింద ఉండే కూలింగ్ బాక్సు తీయించేశాను. బండి కాస్త తేలికైంది గానీ ఫ్యాన్ హోరు మాత్రం అలాగే ఉంది, స్పీడు యాభై దాటితే పక్కన కూర్చున్నవాళ్ల మాట వినబడదు. దీన్ని తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేయించుకోవచ్చా? ఎంత సైజు, ఏ వైరు? రేడియేటర్ ముందున్న ఏసీ జాలీని "ఉంటే నష్టమేముంది సార్" అని మెకానిక్ వదిలేశాడు. అది తీయాలా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆఖరి ప్రశ్నతో మొదలుపెడదాం, అసలు పని అక్కడే ఉంది. తీయాలండీ, ముందు అదే తీయాలి. ఆ జాలీ పేరు కండెన్సర్. ఏసీ ఉన్నంతకాలం గ్యాస్ వేడిని బయటికి వదిలే పని దానిది. ఇప్పుడు దానికి పనేమీ లేదు, కానీ రేడియేటర్‌కి రావలసిన గాలికి రోజూ అడ్డం పడుతోంది. ఇన్నేళ్లలో కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఏం చేరిందో బానెట్ ఎత్తి చూస్తే కనబడదు, జాలీ తీశాకే కనబడుతుంది. దుమ్ము, చచ్చిన పురుగులు, దూది పింజెలు, కోతల రోజుల్లో రోడ్ల మీద ఎగిరే ఊక అంతా కలిసి దళసరి తెట్టులా కడుతుంది. మీ వైపు వడ్లు రోడ్ల మీదే ఎండబోస్తారు కాబట్టి ఊక తప్పకుండా ఉంటుంది. దాన్ని ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు గొట్టం నీళ్లతో నిదానంగా కడగండి. సర్వీసింగ్ సెంటరు ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టారంటే రేడియేటర్ రేకులు వంగిపోయి గాలి దారులు మూసుకుపోతాయి, ఊక కంటే అది పెద్ద నష్టం.

ఇక హోరు సంగతి. మీ ఫ్యాన్ వాటర్ పంపు ముక్కు మీద కూర్చుని బెల్టుతో తిరుగుతుంది, అంటే ఇంజన్ ఎంత తిరిగితే అదీ అంత తిరుగుతుంది. ఇక్కడ ఒక లెక్క ఉంది, ఇది తెలిస్తే మిగతాదంతా అర్థమైపోతుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది లాగే గాలి కూడా రెట్టింపే అవుతుంది, కానీ దాన్ని తిప్పడానికి ఇంజన్ పెట్టే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు, నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్ రోడ్డు మీద 2,400 తిరిగిందంటే వేగం మూడు రెట్లు, ఫ్యాన్ మింగే శక్తి లెక్క ప్రకారం 27 రెట్లు. మీకు వినబడే హోరు ఆ శక్తిలో ఒక వాటా. పైగా ఇదంతా దండగ ఖర్చు, ఎందుకంటే బండి యాభై, అరవై మీద పోతున్నప్పుడు ఎదురుగాలే గ్రిల్‌లోంచి తోసుకొచ్చి రేడియేటర్‌ని చల్లారుస్తుంది, అప్పుడు ఫ్యాన్‌తో దాదాపు పని లేదు. ఫ్యాన్ నిజంగా కావలసింది గేటు పడినప్పుడు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, నెమ్మదిగా ఘాట్ ఎక్కుతున్నప్పుడు. ఏసీ పెట్టినవాళ్లు ఆరు రెక్కలు ఎందుకు వేశారంటే కండెన్సర్ వేడి గాలి రేడియేటర్ మీదికే వస్తుంది కాబట్టి ఐడ్లింగ్‌లో కూడా గాలి బాగా లాగాలని. అప్పటి అవసరానికి అది సరైన పనే. ఆ అవసరం ఇప్పుడు పోయింది.

అయితే కొత్త ఫ్యాన్‌కి డబ్బు పెట్టే ముందు, చప్పుడు ఫ్యాన్‌దేనా అని తేల్చుకోండి. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే, ఎందుకంటే ఫ్యాన్ మార్చినా చప్పుడు పోలేదని రాసేవాళ్లు చాలామంది. రెక్కల హోరు గాలి హోరులా ఉంటుంది, ఎక్సిలరేటర్‌తో పాటు పెరిగి దానితో పాటే తగ్గుతుంది. గరగరమనో, కీచుమనో, టకటకమనో వినిపిస్తే అది వేరే రోగం. ఇంజన్ ఆపి, చల్లారాక, ఫ్యాన్ అంచుని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కీ కదిపి చూడండి. ఏ మాత్రం ప్లే, అంటే వదులు, తెలిసినా వాటర్ పంపు బేరింగ్ పోయిందన్నమాట. పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది, దాని దగ్గర తడి గానీ కూలెంట్ చార గానీ ఉంటే సీలు కూడా పోయినట్టే. బరువైన ఆరు రెక్కల ఇనుప ఫ్యాన్‌ని ఏళ్ల తరబడి మోసిన పంపు ఇది, రేడియేటర్‌కి దగ్గర చేయడానికి మధ్యలో స్పేసర్ కూడా వేసి ఉంటే బేరింగ్ మీద భారం ఇంకా ఎక్కువ. కాబట్టి పంపునే అనుమానించడంలో తప్పులేదు.

ఇంకా తేలకపోతే ఫ్యాన్ బెల్టు తీసేసి, చల్లటి ఇంజన్‌ని అర నిమిషం మాత్రం స్టార్ట్ చేసి వినండి. చప్పుడు పూర్తిగా ఆగిపోతే అది బెల్టు తిప్పేవాటిలో ఏదో ఒకటి: ఫ్యాన్, పంపు, బండికి కరెంటు పుట్టించే డైనమో (పాత రకం) లేదా ఆల్టర్నేటర్. ఆగకపోతే ఇంజన్ లోపలిది, ఫ్యాన్ జోలికి పోకండి. బెల్టు లేకపోతే నీళ్లు తిరగవు, అందుకే అర నిమిషం అంటున్నాను, అంతకు మించొద్దు. ఏసీ బెల్టుని లాగి ఉంచడానికి పెట్టిన ఐడ్లర్ పుల్లీ ఒకటి కొన్ని బండ్లలో అక్కడే మిగిలిపోతుంది, దానికి బెల్టు లేకపోయినా బ్రాకెట్ వదులై మోగుతూ ఉంటుంది. అదీ చూడండి. ఇంజన్ నడుస్తుండగా వంగి చూసేవాళ్లు లుంగీ కొంగు, తువ్వాలు, మెడలో గొలుసు, వదులు చొక్కా చేతులు అన్నీ సర్దుకుని మరీ వంగండి. ఇనుప రెక్క వేలిని చూసి ఆగదు.

రెక్కల్ని కూడా ఒకసారి తుడిచి, వెలుతురులో, రివిట్ల చుట్టూ చూడండి. వెంట్రుకవాసి పగులు కనిపించినా ఆ ఫ్యాన్‌తో బండి తీయకండి. వేగంలో రెక్క ఊడిందంటే రేడియేటర్‌నో బానెట్‌నో చీల్చుకుంటూ పోతుంది, ఎదురుగా మనిషుంటే ఇక చెప్పక్కర్లేదు. వంగిన రెక్కని సుత్తితో సరిచేయించడం కూడా వద్దు, ఆ మడత దగ్గరే తర్వాత పగులుతుంది.

ఇప్పుడు మార్చడం. మీకు రెండు దారులున్నాయి, ఏది మంచిదన్నది మీ బండికి డైనమో ఉందా ఆల్టర్నేటర్ ఉందా అన్నదాన్ని బట్టి. డైనమో ఉంటే ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆలోచన మానేయండి. డైనమో ఇచ్చేది ఫుల్ స్పీడులో కూడా ఇరవై ఆంపియర్ల చుట్టూ, ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరగాల్సిందేమో సరిగ్గా ఐడ్లింగ్‌లోనే. రాత్రిపూట లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో ఓ అరగంట ఆగారంటే బ్యాటరీ దిగిపోతుంది. అలాంటప్పుడు ఏసీకి ముందు బండితో వచ్చిన తక్కువ రెక్కల ఫ్యాన్ లాంటిది వెతికి వేసుకోండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ వైపు వెళ్తే రాణిగంజ్‌లోనో పాత అంబాసిడర్ సామాన్లు అడిగితే దొరకొచ్చు. ఖర్చు తక్కువ, వైరింగ్ టెన్షన్ లేదు, హోరు స్పష్టంగా తగ్గుతుంది. నిజం చెప్పాలంటే, డైనమో ఉన్నా లేకపోయినా, పాత బండి పాతగా ఉండాలనుకునేవాళ్లకి నా ఓటు దీనికే.

ఆల్టర్నేటర్ ఉంటే ఎలక్ట్రిక్ ఫ్యాన్ బాగా పనికొస్తుంది. అవసరమైనప్పుడే తిరుగుతుంది, రోడ్డు మీద పూర్తిగా మౌనం. పన్నెండు నుంచి పద్నాలుగు అంగుళాల ఫ్యాన్ చూడండి, కానీ సైజు కంటే ముందు మందం కొలవండి. పాత ఫ్యాన్ తీసేశాక వాటర్ పంపు ముక్కుకీ రేడియేటర్‌కీ మధ్య ఎంత చోటు మిగులుతుందో టేపు పెట్టి చూసుకుని, ఎలక్ట్రిక్ ఫ్యాన్ మోటారు ఎత్తు అందులో ఓ అంగుళం ఖాళీ వదిలి పట్టాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, మరీ ఆనించి పెడితే బ్రేకు గట్టిగా కొట్టినప్పుడు పంపు ముక్కు వచ్చి మోటారుకి తగులుతుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనక, అంటే ఇంజన్ వైపు ఉండి గాలిని లాగాలి. ముందువైపు పెట్టి తోయించే ఫ్యాన్ చోటు లేనప్పుడు తప్ప వద్దు, రోడ్డు మీద అదే గాలికి అడ్డం.

ఒట్టి ఫ్యాన్ కాకుండా చుట్టూ ష్రౌడ్, అదే ఆ ప్లాస్టిక్ డొప్ప, ఉన్నది తీసుకోండి. డొప్ప లేని ఫ్యాన్ తన గుండ్రం మేరకే గాలి లాగుతుంది, నాలుగు మూలలా రేడియేటర్ వేడిగానే ఉండిపోతుంది. డొప్ప ఉంటే మొత్తం రేడియేటర్‌లోంచి లాగుతుంది, అందుకని చిన్న ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది, నెమ్మదిగా తిరిగితే చప్పుడూ తక్కువే. ప్లాస్టిక్ రెక్కల మధ్య దూరాలు సమానంగా లేని ఫ్యాన్లు కొన్ని ఉంటాయి, చూస్తే తయారీ లోపంలా అనిపిస్తుంది, కానీ ఈల లాంటి ఒకే శ్రుతి చప్పుడు రాకుండా కావాలని అలా చేస్తారు. అలాంటిది దొరికితే వదులుకోకండి. బిగించేటప్పుడు రేడియేటర్ రేకుల్లోంచి ప్లాస్టిక్ టై దూర్చి కట్టే పద్ధతి ఒకటుంది, పని తొందరగా అయిపోతుందని చాలామంది అదే చేస్తారు. దయచేసి చేయనివ్వకండి. అదురుకి ఆ టై కొన్నాళ్లకి గొట్టాన్నే కోసేసి రేడియేటర్ లీకవుతుంది. రెండు ఇనుప పట్టీలు చేయించి రేడియేటర్ పక్క ఫ్రేముకి, మధ్యలో రబ్బరు వాషర్లు వేసి బిగించాలి. ఆ రబ్బరు లేకపోతే మోటారు గుంయ్‌మనే మోత బాడీ అంతా పాకుతుంది.

పాత ఫ్యాన్ విప్పేటప్పుడు ఒక చిన్న విషయం: ఫ్యాన్‌ని పట్టి ఉంచే బోల్టులే పుల్లీని కూడా పట్టి ఉంచుతాయి. ఫ్యాన్ తీసి అవే బోల్టులు మళ్లీ బిగిస్తే, ఫ్యాన్ మందం పోయింది కాబట్టి బోల్టు లోపలికి ఎక్కువ దిగి పంపు బాడీకి ఆనుతుంది, లేదా బిగిసినట్టే ఉండి పుల్లీ వదులుగా మిగులుతుంది. పొట్టి బోల్టులు వేయించండి, దొరక్కపోతే సరిపడా వాషర్లు.

వైరింగ్‌కి వస్తే, ఇలాంటి ఫ్యాన్ ఒకటి నడుస్తున్నప్పుడు సుమారు పది నుంచి పదిహేను ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయిన ఆ క్షణంలో దానికి రెండు మూడు రెట్లు. అందుకని డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా నేరుగా కరెంటు ఇవ్వకూడదు, స్విచ్చు కాలిపోతుంది. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీ దగ్గరే 30 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు), అక్కడి నుంచి ఫ్యాన్. రిలే మీద అంకెలుంటాయి: 30కి బ్యాటరీ వైరు, 87కి ఫ్యాన్, 85, 86 లలో ఒకటి ఇగ్నిషన్ లైనుకి, రెండోది టెంపరేచర్ స్విచ్చు ద్వారా ఎర్త్‌కి. ఫ్యాన్ ఎర్త్ వైరు కూడా అంతే లావుది వేసి, రంగు గోకిన శుభ్రమైన ఇనుము మీద బిగించండి. సన్న ఎర్త్ వైరుతో ఫ్యాన్ తిరుగుతుంది గానీ నీరసంగా తిరుగుతుంది, తప్పు ఫ్యాన్‌దని మనం అనుకుంటాం.

టెంపరేచర్ స్విచ్చు ఎంపికలో చాలామంది పొరబడతారు. ఇంజన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలేది థర్మోస్టాట్ వాల్వ్. మీది ఎన్ని డిగ్రీలకి తెరుచుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది, మామూలుగా 82 లేదా 88. ఫ్యాన్ ఆగే డిగ్రీ దానికంటే ఎక్కువగా ఉండాలి. వాల్వ్ 82 అయితే 92కి మొదలై 87కి ఆగే స్విచ్చు సరిపోతుంది, 88 అయితే 95కి మొదలై 90కి ఆగేది కావాలి. తప్పుగా వేస్తే ఫ్యాన్ ఇక ఆగదు, పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది. ఈ లెక్క స్విచ్చు ఇంజన్ నుంచి నీళ్లు బయటికొచ్చే పై గొట్టం దగ్గర పెడితేనే. కింది ట్యాంకులో పెడితే అక్కడి నీళ్లు అప్పటికే చల్లారి ఉంటాయి కాబట్టి ఇంకా తక్కువ డిగ్రీలది అడగాలి. డ్రైవరు చేతికి అందేలా ఒక విడి స్విచ్చు, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు వెలిగే చిన్న లైటు కూడా పెట్టించుకోండి. టెంపరేచర్ స్విచ్చు దారిలో మొరాయిస్తే అదే మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది.

అంతా బిగించాక మొదటి పరీక్ష కాగితంతో. ఫ్యాన్ తిరుగుతుండగా ఒక కాగితం రేడియేటర్ ముందు పెట్టి వదలండి, అది రేడియేటర్‌కి అతుక్కుని నిలవాలి. ఎగిరి మీ వైపు వస్తే మోటారు వైర్లు తారుమారయ్యాయి, ఫ్యాన్ ఎదురుగాలితో కుస్తీ పడుతోంది. బాగా పాత బండ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి ఉండేవి కొన్ని ఉన్నాయి, వాటిలో ఈ పొరపాటు ఎక్కువ. ఆ తర్వాత బానెట్ మూసి, మధ్యాహ్నం ఎండలో ఐడ్లింగ్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి. ఫ్యాన్ మొదలవ్వాలి, టెంపరేచర్ ముల్లు దిగాలి, ఫ్యాన్ ఆగాలి, కాసేపటికి మళ్లీ మొదలవ్వాలి. ఒకసారి మొదలై ఆగడమే లేదంటే ఫ్యాన్ చాలడం లేదు, లేదా రేడియేటర్ లోపల పూడుకుపోయింది. ఈ పరీక్ష ఎండాకాలంలోనే చేయాలి. సంక్రాంతికి బ్రహ్మాండంగా ఉన్న ఫ్యాన్ రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో చాలకపోవచ్చు, రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా.

ఇంకొక్క మాట. బండి వేడెక్కుతోందంటే "థర్మోస్టాట్ వాల్వ్ పీకేద్దాం" అనే మెకానిక్కులున్నారు. ఒప్పుకోకండి. వాల్వ్ లేని ఇంజన్ రోడ్డు మీద సరిగ్గా వేడెక్కదు, మైలేజి పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వ్ తీస్తే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా బైపాస్ దారిలోనే తిరిగి ఇంకా వేడెక్కుతుంది.

ప్రశ్న: నాది 2006 మోడల్ పెట్రోలు చిన్న కారు. కంప్రెసర్ జామైతే, బాగుచేయించడానికి కారు విలువలో సగం అడుగుతున్నారని ఏసీ మొత్తం తీయించేశాను. అప్పటి నుంచి రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి విమానం లేచినట్టు మొదలవుతుంది. ఇదివరకు ఇంత చప్పుడు లేదు. ఫ్యాన్ మార్చమంటున్నారు. మార్చాలా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తొందరపడకండమ్మా. మీ లక్షణం చూస్తే ఫ్యాన్ పాడవలేదేమో అనిపిస్తోంది. ఏసీ ఉన్న కార్లలో చాలావాటికి ఫ్యాన్ రెండు వేగాలతో తిరుగుతుంది. నెమ్మది వేగం కోసం కరెంటుని ఒక రెసిస్టర్ గుండా పంపిస్తారు, అది సాధారణంగా ఫ్యాన్ డొప్ప మీదే గాలి తగిలే చోట ఉంటుంది. ఆ రెసిస్టర్ కాలిపోయినా, ఏసీ వైర్లు తీసేటప్పుడు దాని కనెక్షన్ ఊడిపోయినా, నెమ్మది వేగం ఉండదు. అప్పుడు ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఫ్యాన్ అసలు మొదలవ్వదు, మొదలైతే ఒకేసారి ఫుల్ స్పీడు. మీరు చెప్పిన "ఉన్నట్టుండి" అన్నది సరిగ్గా ఇదే. ఇంకొన్ని కార్లలో నెమ్మది వేగం ఏసీ వేసినప్పుడే పనిచేసేలా వైరింగ్ ఉంటుంది. ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడు మెల్లగా ముందే తిరిగి ఇంజన్‌ని చల్లగా ఉంచేది, ఇప్పుడు ఆ సాయం లేదు. ఈ రెండిటిలో ఏది అన్నది మంచి ఆటో ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపు పెట్టి కాసేపట్లో తేల్చగలడు. రెసిస్టర్ ధర ఫ్యాన్ ధరతో పోలిస్తే చాలా తక్కువ.

ఫ్యాన్‌ని కూడా చూడాలనుకుంటే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజన్ ఆగి ఉన్నా తనంతట తానే మొదలవుతుంది. తర్వాత రెక్కని వేలితో తిప్పండి. నున్నగా తిరిగి మెల్లగా ఆగితే మోటారు బాగున్నట్టే. గరగర తగిలితే, పైకీ కిందకీ ఊగితే, లోపలి బుష్షులు అరిగాయి, మోటారు మార్చాలి. రెక్క కొస ఒకటి విరిగి ఉన్నా తూకం తప్పి కారు ముందు భాగమంతా అదురుతుంది, అలాంటప్పుడు రెక్కల చక్రం ఒక్కటే దొరికితే చాలు. కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లి, రెక్కల వంపు ఒకే వైపు ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు కాబట్టి ఇంకోటి అడగండి: కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కనెక్టర్ సరిగ్గా ఉందా అని. అది ఊడితే చాలా కార్లలో ఇంజన్ కంప్యూటర్ జాగ్రత్త కోసం ఫ్యాన్‌ని ఎడతెరిపి లేకుండా తిప్పుతుంది. ఏసీ వైర్లు మిగిలినవి ఉంటే కత్తిరించి ఒకదానికొకటి కలపకుండా, కనెక్టర్లతో సహా తడి తగలకుండా చుట్టి కట్టించండి. ఏసీ కోసం ఐడ్లింగ్ పెంచే చిన్న వాక్యూమ్ పైపు ఉంటే దాని నోరు మూయించండి, తెరిచి వదిలేస్తే ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఒక సంతోషమేమిటంటే, మీ కారుకి కండెన్సర్ ఫ్యాన్ విడిగా ఉండి అది రేడియేటర్ వెనకే ఉంటే, దాన్ని పారేయకండి. విడి స్విచ్చు పెట్టించుకుంటే రెండో ఫ్యాన్‌గా పనికొస్తుంది.

ప్రశ్న: మాది డీజిల్ జీపు లాంటి బండి, ఏసీ లేదు, పాత ఓనరు తీయించేశాడు. ఫ్యాన్ మధ్యలో గుండ్రంగా పళ్లెం లాంటిది ఉంది. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు నిమిషాలు లారీలా హోరు, తర్వాత తగ్గుతుంది. ఈ మధ్య తగ్గడం కూడా మానేసింది.
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ఆ పళ్లెం విస్కస్ క్లచ్. లోపల చిక్కటి సిలికాన్ ఆయిలు ఉంటుంది, ముందు వైపు గడియారం స్ప్రింగు లాంటి చుట్ట ఒకటి కనబడుతుంది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ఆ చుట్ట విప్పుకుని లోపలి వాల్వ్ తెరుస్తుంది, ఆయిలు వచ్చి ఫ్యాన్‌ని ఇంజన్‌తో కలుపుతుంది. చల్లగా ఉంటే ఫ్యాన్ సగం వదులుగా తిరుగుతుంది. పొద్దున్నే కొంతసేపు హోరు రావడం సహజమే, రాత్రంతా ఆయిలు ఒకచోట చేరి ఉంటుంది, అది సర్దుకునేదాకా అంతే. ఎప్పుడూ హోరు ఉంటే మాత్రం క్లచ్ పట్టేసింది.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఆపి, చేత్తో తిప్పండి. తేనెలో గరిటె తిప్పినట్టు మెత్తటి పట్టు తగలాలి. అసలు కదలకపోతే పట్టేసినట్టు, ఒక తోపుకి గిర్రున రెండు మూడు చుట్లు తిరిగితే ఆయిలు కారిపోయినట్టు. రెండోది ఇంకా ప్రమాదం, చప్పుడు ఉండదు కాబట్టి ట్రాఫిక్‌లో ముల్లు ఎర్రగీత దాటేదాకా తెలియదు. చుట్ట దగ్గర జిడ్డు, దాని మీద దుమ్ము గీతలు కనిపిస్తే అదే గుర్తు. పట్టేసిన క్లచ్‌ని కొట్టి వదిలించడం, బోల్టు దింపి శాశ్వతంగా కలిపేయడం లాంటివి చేయించకండి. క్లచ్ మార్చేయండి, కొత్తదాన్ని బిగించేదాకా నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే ఆయిలు కారుతుంది. మీకు మదనపల్లె చుట్టూ ఘాట్లు ఎక్కువ కాబట్టి ఈ బండికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ సలహా ఇవ్వను. లోడుతో ఘాట్ ఎక్కే డీజిల్ ఇంజన్‌కి బెల్టు ఫ్యాన్ లాగినంత గాలి మామూలు ఎలక్ట్రిక్ ఫ్యాన్ లాగలేదు.

ప్రశ్న: ఇంజన్ ఆపేశాక కూడా ఫ్యాన్ రెండు మూడు నిమిషాలు తిరుగుతోంది. పాడైనట్టా?
— నెల్లూరు నుంచి

జవాబు: కాదు. చాలా కార్లలో అలాగే ఉంటుంది, ఆపిన ఇంజన్‌లో నీళ్లు తిరగవు గనక వేడి కాసేపు పెరుగుతుంది. పది నిమిషాలు దాటినా ఆగకపోతే రిలే అతుక్కుపోయిందేమో చూపించండి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఉండదు.

ప్రశ్న: ఏసీ తీయించాలనుకుంటున్నాను. గ్యాస్ ఉన్నట్టే ఉంది. మెకానిక్ పైపు వదులు చేసి వదిలేద్దాం అంటున్నాడు. తీసిన సామాన్లు అమ్మాలా, ఉంచాలా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: గాలిలోకి వదలనివ్వకండి. చేతి మీదో కంట్లోనో పడితే గడ్డకట్టించి గాయం చేస్తుంది, కన్ను పోయే ప్రమాదం ఉంది. అది ఒక సంగతి. ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో, బరువుకి బరువు లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. అంతకుముందు వాడిన ఆర్-12 ఓజోన్ పొరని తినేసేది, అందుకే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2010 నాటికి మన దేశంలో ఆ రకం గ్యాసుల ఉత్పత్తి ఆపేశారు. గ్యాస్ నింపే మిషను ఉన్న ఏసీ షాపుకి బండి తీసుకెళితే అదే మిషనుతో లాగి సిలిండర్‌లో పట్టేస్తారు. కాస్త డబ్బు అడుగుతారు, ఇవ్వండి.

సామాన్ల విషయంలో, ఇంకో ఏడాదికైనా మళ్లీ పెట్టించే ఆలోచన ఉంటే కంప్రెసర్, కండెన్సర్, పైపులు ఉంచుకోండి. విప్పిన నిమిషంలోనే ప్రతి నోటికీ బిరడా పెట్టాలి, ఇది మెకానిక్‌కి ముందే చెప్పి బిరడాలు దగ్గర పెట్టుకోండి. లోపలికి తేమ పోతే డ్రయ్యరు (గ్యాస్‌లోని తేమని పీల్చే డబ్బా) పనికిరాదు, కంప్రెసర్ లోపల తుప్పు పడుతుంది. కంప్రెసర్ బ్రాకెట్టు, దాని బోల్టులు విడి సంచిలో కట్టి పెట్టండి, తర్వాత ఇవే దొరకవు. కంప్రెసర్ లోపలే పట్టేసి ముక్కలు పైపుల్లోకి పోయి ఉంటే మాత్రం ఏదీ ఉంచకండి, కండెన్సర్ సన్న గొట్టాల్లో ఆ పొడి ఎంత కడిగినా పోదు, కొత్త కంప్రెసర్‌ని కూడా తినేస్తుంది. అదంతా పాత సామాన్ల వాళ్లకి లోహం ధరకి ఇచ్చేయండి. ఏసీకి విడి బెల్టు ఉన్న బండి అయితే ఆ బెల్టు తీసి పక్కన పెడితే చాలు. ఒకే బెల్టు అన్నిటినీ తిప్పే బండి అయితే కంప్రెసర్ స్థానంలో ఐడ్లర్ పుల్లీనో, మీ మోడల్‌లో ఏసీ లేని బండికి వచ్చే పొట్టి బెల్టో ముందే సంపాదించుకుని, ఆ తర్వాతే కంప్రెసర్ విప్పించండి.